కొలువుకు కొలత: మెట్రిక్యులేషన్ నుంచి పదో తరగతి దాకా

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పేరు తెచ్చుకున్న ఏనుగుల వీరాస్వామయ్య పన్నెండేళ్ల వయసులో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ కచేరీలో జీతం లేని వాలంటీరుగా చేరాడు. అప్పట్లో అది వింతేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దపు తొలి సగందాకా సర్కారీ కొలువులోకి దారి దాదాపు అదే. కుర్రవాడు తెలిసినవాళ్ల సిఫారసుతో కచేరీలో ఓ మూల కూర్చునేవాడు. కాగితాలకు నకళ్లు రాసేవాడు, లెక్కలు సరిచూసేవాడు. పెద్ద గుమాస్తా మెప్పు సంపాదించి, ఖాళీ ఏర్పడేదాకా ఏళ్లతరబడి కాచుకునేవాడు. ఇలా ఆశపెట్టుకుని ఉన్నవాళ్లను ఉమేదువారులనేవారు. ‘ఉమేదు’ అంటేనే ఆశ. పరీక్షా లేదు, పట్టా లేదు. దస్తూరీ బాగుండాలి, లెక్క తప్పకూడదు, అన్నిటికీ మించి లోపల ఒక మనిషి ఉండాలి.

ఆ ‘లోపలి మనిషి’ ఎంతదాకా వెళ్లగలడో చెప్పడానికి గుంటూరు జిల్లా చాలు. అక్కడి హుజూరు కచేరీలో, అంటే కలెక్టరు కార్యాలయంలో, మరాఠీ దేశస్థ బ్రాహ్మణ కుటుంబాలు బంధుత్వాల మీద బంధుత్వాలు అల్లుకుని ఉద్యోగాలన్నీ తమ చేతుల్లో ఉంచుకున్నాయి. తెలుగు జిల్లా లెక్కలను మరాఠీలో రాసుకోవడం వల్ల బయటివాడికి అవి చదవడానికే వీలయ్యేది కాదు. 1840ల్లో జిల్లా ఆదాయం గల్లంతవుతుంటే విచారణకు వచ్చినవాడు వాల్టర్ ఇలియట్. అమరావతి స్తూపాన్ని తవ్వించి శిల్పాలను మద్రాసుకు పంపించిన ఇలియట్ ఇతడే. రాళ్లను బయటికి తీసినంత సులభంగా కచేరీలో పాతుకుపోయిన బంధువర్గాన్ని కదిలించలేకపోయాడు. ఉద్యోగానికి ముందు పరీక్ష పెట్టాలన్న ఆలోచనకు ఆంగ్ల విద్య మీద మోజుతో పాటు ఈ చికాకు కూడా కారణం.

1844లో గవర్నర్ జనరల్ హార్డింజి, ప్రభుత్వోద్యోగాల్లో కొత్త విద్యాసంస్థల్లో చదివినవారికి ప్రాధాన్యం ఇవ్వాలని తీర్మానం చేశాడు. 1854 నాటి ఉడ్ విద్యా తాఖీదు ఇంకా కిందికి దిగింది. అన్నిటికన్నా చిన్న ఉద్యోగంలో కూడా, మిగతా యోగ్యతలు సమానంగా ఉన్నప్పుడు చదవడం రాయడం వచ్చినవాడినే ఎంచుకోవాలని చెప్పింది. ‘కనీస విద్యార్హత’ అనే మాట పుట్టకముందే దాని అర్థం ఈ వాక్యంలో ఉంది. 1850ల చివర్లో మద్రాసు ప్రభుత్వం కింది తరగతి అధికారుల కోసం అన్‌కవనెంటెడ్ సివిల్ సర్వీసు పరీక్షలు మొదలుపెట్టింది. సాధారణ పరీక్ష ఒకటి, శాఖల వారీగా ప్రత్యేక పరీక్షలు మరికొన్ని. నేటికీ గుమాస్తాలు ప్రమోషన్ కోసం రాసే ‘డిపార్ట్‌మెంటల్ టెస్టులు’ ఆ వంశానివే.

ఆ పరీక్షలకన్నా గట్టిగా నిలిచింది మరొకటి. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. అందులో చేరాలంటే ముందు మెట్రిక్యులేషన్ అనే ప్రవేశ పరీక్ష ప్యాసవ్వాలి. రిజిస్టరులో పేరు ఎక్కించుకోవడమన్నదే ఆ లాటిన్ మాటకు అర్థం. అది కాలేజీ గుమ్మం మాత్రమే, అక్కడితో చదువు ఆపేవాడి కోసం పెట్టింది కాదు. 1858లో బి.ఎ. పట్టాలందుకున్న తొలి ఇద్దరూ, దామోదరం పిళ్లై, విశ్వనాథ పిళ్లై, యాళ్పాణం (జాఫ్నా) నుంచి వచ్చిన తమిళులు. పట్టభద్రులు ఇంత అరుదైనప్పుడు కచేరీలకు గుమాస్తాలు ఎక్కడినుంచి రావాలి? కాలేజీ గుమ్మం దాకా వచ్చి ఆగినవాళ్లే గతి. ఆ విధంగా ప్రవేశ పరీక్షే ఉద్యోగానికి కొలతైంది. ఎవరూ పథకం వేసి చేసిన పని కాదిది. చేతికందిన కొలబద్దతో కొలవడం మొదలుపెట్టారు, అంతే.

దాని విలువ ఎంతో జీతాలు చెబుతాయి. గిడుగు రామమూర్తి 1879లో మెట్రిక్ ప్యాసై, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు ముప్ఫై రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడయ్యాడు. ఎఫ్.ఎ. (మెట్రిక్‌కూ బి.ఎ.కూ మధ్య పరీక్ష), బి.ఎ. పరీక్షలు ఆ తరువాత ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా రాసినవి. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరిన గణిత మేధావి రామానుజన్‌కు కూడా ముప్ఫై రూపాయలే. దరఖాస్తులో ఆయన చూపుకున్న అర్హత మెట్రిక్ ప్యాసవడం, ఎఫ్.ఎ. దాకా చదవడం. ఎఫ్.ఎ. ఆయన గట్టెక్కలేదు. రెండు ఉద్యోగాలూ ఒక రకానివి కావు కాబట్టి పోలిక మరీ సాగదీయకూడదు గానీ, ముప్ఫై రెండేళ్లు గడిచినా మెట్రిక్ మనిషి వెల ఒక్కచోటే నిలిచిపోవడం గమనించదగ్గదే. ఈలోగా మెట్రిక్యులేట్ల సంఖ్య మాత్రం నిలిచిపోలేదు. ‘ఎఫ్.ఎ. ఫెయిల్డ్’, ‘బి.ఎ. ఫెయిల్డ్’ అని పేరు పక్కన రాసుకునే అలవాటు అప్పటిదే. ఇప్పుడు నవ్వు తెప్పించినా అందులో తర్కం ఉంది. బి.ఎ. తప్పాలంటే దానికి ముందున్న రెండు గుమ్మాలూ దాటి ఉండాలి.

గిడుగు సహాధ్యాయి గురజాడ అప్పారావు 1882లో మెట్రిక్, 1884లో ఎఫ్.ఎ., 1886లో బి.ఎ. వరుసగా ప్యాసయ్యాడు. ఆయన కన్యాశుల్కం నాటకంలో పరీక్ష తప్పిన వెంకటేశం కొడుకు చదువు మీద ఆశపెట్టుకున్న తల్లికీ, ఆ చదువు ఖర్చు మీద కస్సుమనే తండ్రికీ మధ్య నలిగిపోతాడు. అగ్రహారాల్లో భూమి తరువాత అంత నమ్మకమైన ఆస్తి ఇంగ్లీషు చదువే అయిన కాలం అది. పరీక్ష ఫీజు కోసం అప్పు పుట్టేది, ప్యాసైన కుర్రవాడికి పెళ్లి సంబంధాల్లో కట్నం పెరిగేది.

ప్రవేశ పరీక్షను ఉద్యోగం మింగేసిందని ప్రభుత్వానికి త్వరగానే తెలిసొచ్చింది. 1882 నాటి హంటర్ కమిషన్ హైస్కూలు చదువును రెండు పాయలు చేయమంది. ఒకటి కాలేజీకి పోయేవారికి, ఇంకొకటి వ్యాపారం, వృత్తులు నేర్చేవారికి. ఆ రెండో పాయ కోసం మద్రాసులో పెట్టిన పరీక్షలకు పిల్లలు పెద్దగా రాలేదు. మెట్రిక్ ప్యాసైతే కాలేజీ, కొలువు రెండు తలుపులూ తెరుచుకుంటాయి. రెండో పరీక్షతో ఒకటే తెరుచుకుంటుంది, అదీ సగమే. ఏ తండ్రి అయినా ఏది ఎంచుకుంటాడో కమిషన్లకు తట్టకపోవడమే ఆశ్చర్యం. 1902 విశ్వవిద్యాలయాల కమిషన్ మరో దారి చెప్పింది. మెట్రిక్యులేషన్‌ను సర్కారీ కొలువుకు అర్హతగా చూడడమే మానేయాలంది.

మద్రాసు రాజధానిలో దీనికి జవాబుగా వచ్చింది ఎస్సెల్సీ, అంటే సెకండరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్. 1911లో తొలి పరీక్ష జరిగింది. మెట్రిక్ విశ్వవిద్యాలయం పెట్టే పరీక్ష, దీనికి మాత్రం విద్యాశాఖ ఆధ్వర్యంలోని బోర్డు ఉంది. మొదటి ఆలోచన మంచిదే. ఒక్క పరీక్షతో తేల్చకుండా, పిల్లవాడు బడిలో తెచ్చుకున్న మార్కులు, నడవడి, హాజరు, పబ్లిక్ పరీక్ష మార్కులు అన్నీ చిన్న అట్ట పుస్తకంలో రాసి చేతికిస్తారు. ప్యాస్, ఫెయిల్ అని అందులో ఉండదు. ఆ మార్కులు చూసి తీసుకోవాలో వద్దో కాలేజీ, కచేరీ ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. ఆచరణలో విశ్వవిద్యాలయం ‘కాలేజీ చదువుకు ఎలిజిబుల్’ అని జాబితా ప్రకటించడం మొదలుపెట్టింది. ఎలిజిబుల్ అయితే ప్యాస్, కాకపోతే ఫెయిల్. పోయిందనుకున్న మెట్రిక్ కొత్త చొక్కా వేసుకుని తిరిగొచ్చింది. ఉద్యోగ ప్రకటనలూ అదే ముద్ర అడిగాయి.

తెలుగు భాష చరిత్రలో పెద్ద తగవుకు నిప్పు రాజేసినవాటిలో ఈ పరీక్ష కూడా ఒకటి. 1912-13లో స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసాన్ని కావ్యభాషలో గానీ ఆధునిక భాషలో గానీ రాయవచ్చని బోర్డు కార్యదర్శి ఉత్తర్వు ఇచ్చాడు. వాడుక భాష కోసం పోరాడుతున్న గిడుగుకు అది పెద్ద గెలుపు. జయంతి రామయ్య పంతులు ముందుండి నడిపిన, గ్రాంథిక భాష పక్షాన నిలిచిన ఆంధ్ర సాహిత్య పరిషత్తుకు అది ప్రమాద ఘంటిక. భాషలో మార్పు గురించి పండితులు ఎన్నాళ్లు వాదించుకున్నా ఎవరికీ పట్టేది కాదు. ప్రశ్నపత్రంలోకి వచ్చేసరికి ప్రతి ఊళ్లో తల్లిదండ్రులకు అది ఇంటి సంగతయింది. సభలు జరిగాయి, మహజర్లు కదిలాయి. మధ్యేమార్గం కోసం వేసిన కమిటీ ఏకాభిప్రాయానికి రాలేదు. చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఉద్యోగానికి గుమ్మమైన పరీక్షలో ఏ తెలుగు రాయాలి అన్న ప్రశ్న గ్రాంథిక వ్యావహారిక వాదానికి అంత వేడి తెచ్చిందంటే తప్పులేదు.

ఎస్సెల్సీకి కింద ఇంకో మెట్టు ఉండేది. అది ఎనిమిదో తరగతితో ముగిసే ఈఎస్‌ఎల్‌సీ. అది ప్యాసై ఉపాధ్యాయ శిక్షణ పొందినవారు హయ్యర్ ఎలిమెంటరీ గ్రేడు టీచర్లు. ఎస్సెల్సీ మీద శిక్షణ పొందినవారు సెకండరీ గ్రేడు టీచర్లు. నేటి డీఎస్సీ ఉపాధ్యాయ నియామకాల్లో ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టుకు పోటీపడే అభ్యర్థి ఇంటర్మీడియట్ పైన డీఎడ్ చేసి ఉంటాడు, చాలామంది డిగ్రీ కూడా చదివి ఉంటారు. అయినా పోస్టు పేరులో మాత్రం ఆ పాత ‘సెకండరీ’ అలాగే ఉండిపోయింది. గుమాస్తా ఉద్యోగానికి ఎస్సెల్సీతో పాటు టైపు లోయరు, హయ్యరు కూడా అడిగేవారు. బస్టాండు పక్క మేడ మీద టకటకలాడే టైపు ఇన్‌స్టిట్యూట్ లేని పట్నం తెలుగునాట ఉండేది కాదు. ఎస్సెల్సీ ఫలితాలు వచ్చిన మర్నాడే అక్కడ కొత్త బ్యాచి నిండిపోయేది.

బడికే పంపని ఆడపిల్లల సంగతి వేరు. చిన్నప్పుడే పెళ్లయి, చదువు ఆగిపోయి, వితంతువై లేదా ఒంటరిదై బతుకుదెరువు వెతుక్కునే స్త్రీకి ఉపాధ్యాయినిగానో నర్సుగానో చేరాలంటే అడ్డుపడేది ఈ కాగితమే. ఇరవై అయిదేళ్ల వయసులో ఫస్టు ఫారంలో కూర్చోలేదు. ఈ చిక్కును తన బతుకులోనే చూసిన మనిషి దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లొచ్చిన తరువాత ఇంట్లో చదువుకుని బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్యాసయింది. బడి మెట్లన్నీ ఎక్కకుండానే ప్రైవేటుగా రాసే వీలు ఆ పరీక్షకు ఉండడం వల్లే అది సాధ్యమైంది. 1937లో మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ చేసిన తొలి పనుల్లో స్త్రీలను బెనారస్ మెట్రిక్‌కు తయారుచేయడం ముఖ్యమైనది. ఆ రోజుల్లో తెలుగిళ్లలో ‘బెనారస్ మెట్రిక్’ అనే మాటకు ప్రత్యేకమైన అర్థం ఉండేది, రెండోసారి మొదలుపెట్టిన చదువని. తరువాత కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు అధ్యక్షురాలిగా ఆమె ఇదే పద్ధతిని దేశమంతటికీ విస్తరించింది. 1958లో మొదలైన సంక్షిప్త విద్యా కోర్సుల్లో పెద్దవయసు స్త్రీలు ఏళ్ల చదువును రెండు మూడేళ్లలో ముగించి మెట్రిక్‌కు కూర్చోగలిగారు. గ్రామసేవికలు, నర్సులు, టీచర్లు ఎందరో ఆ దారిన వచ్చినవారే.

హైదరాబాదు సంస్థానంలో అడ్డంకి మరో రూపంలో ఉండేది. 1884లో దర్బారు భాష పారశీకం నుంచి ఉర్దూకు మారింది. 1918లో ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలోనే బోధించింది. దేశభాషలో ఉన్నత విద్య అన్నది గొప్ప ప్రయోగమే. కానీ ఆ దేశభాష తెలంగాణ పల్లెల్లో పుట్టిన పిల్లవాడి ఇంటి భాష కాదు. 1928లో మాడపాటి హనుమంతరావు పూనికతో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల మొదలైనప్పుడు, పై తరగతుల పరీక్షల కోసం పుణె కేంద్రంగా కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం గుర్తింపు తెచ్చుకోవాల్సి వచ్చింది. మద్రాసు ఆంధ్ర స్త్రీ కాశీ వైపు, హైదరాబాదు తెలుగు బాలిక పుణె వైపు చూడాల్సి రావడం యాదృచ్ఛికం కాదు. దగ్గరి గుమ్మం ఎవరిని దృష్టిలో పెట్టుకుని కట్టారో ఇది చెబుతుంది.

ఆ సంస్థానంలోనే చదువుతో పనిలేని ఇంకో అర్హత బలపడింది, ముల్కీ. ముల్క్ అంటే దేశం. దివాను సాలార్‌జంగ్ సంస్కరణల కాలంలో ఉత్తరాది నుంచి, మద్రాసు నుంచి చదువుకున్నవారిని పిలిచి పెద్ద ఉద్యోగాలివ్వడంతో స్థానికుల్లో అసంతృప్తి మొదలైంది. 1919 ఫర్మానా ముల్కీకి నిర్వచనం ఇచ్చింది. సంస్థానంలో పుట్టినవారితో పాటు, పదిహేనేళ్లు అక్కడే నివసించి, తిరిగి వెళ్లనని ప్రమాణం చేసినవారూ ముల్కీలే. 1952లో ‘నాన్‌ముల్కీ గోబ్యాక్’ ఉద్యమంలో హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు జరిగాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డప్పుడు తెలంగాణ ఉద్యోగాలకు నివాస నిబంధన ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలోకి ఎక్కింది. దానికోసం చేసిన చట్టం 1969లో సుప్రీంకోర్టులో వీగిపోయింది. అదే కోర్టు 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది. మొదటి తీర్పు ఏడు తెలంగాణలో, రెండో తీర్పు తరువాత ఆంధ్రలో ఊళ్లు అట్టుడికాయి.

ఈ అలజడిని చల్లార్చడానికి ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి అధికరణం, దాని కింద 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు వరుసగా వచ్చాయి. ఇక్కడే మన కథానాయకుడైన కాగితం మళ్లీ ప్రవేశిస్తుంది. పదిహేనేళ్ల నివాసం రుజువు చేయడం తహసీల్దారుకూ అభ్యర్థికీ నరకమే. ఉత్తర్వు ప్రధానంగా చదివిన చోటునే ప్రమాణంగా పెట్టింది. మెట్రిక్ లేదా దానికి సమానమైన పరీక్ష రాసిన ఏడుతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడి స్థానికుడు. అలా కుదరనివారికి ఏడేళ్ల లెక్క. నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు పోగేసి ఫైల్లో పెట్టుకోవడం తెలుగు నిరుద్యోగికి అప్పటినుంచే అలవాటైంది. కాలేజీ గుమ్మంగా పుట్టిన పరీక్ష ఇప్పుడు సొంత ఊరికి సాక్షి.

సాక్ష్యం చెప్పడం దానికి కొత్త కాదు. జనన నమోదు సరిగా లేని దేశంలో ఎస్సెల్సీ పుస్తకంలో రాసిన తేదీయే పుట్టిన తేదీ. బడిలో చేర్చేటప్పుడు తండ్రి ‘పెద్ద వరదొచ్చిన ఏడు పుట్టాడు’ అంటే పంతులు ఐదేళ్లు లెక్కగట్టి ఏ జూన్ ఒకటో, జులై ఒకటో వేసేసేవాడు. ఒక తరం మొత్తం బడులు తెరిచే రోజుల్లోనే పుట్టినట్టు రికార్డులు చెప్పడానికి కారణం ఇదే. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు పంతులుగారు వేసిన ఆ తేదీ ఎంత బరువైనదో చాలామందికి ఒక్కసారిగా తెలిసింది. 1984లో పుట్టిన తేదీ నమోదు, మార్పుల మీద ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. సర్వీసు రిజిస్టరులో ఎక్కిన తేదీని ఇక కదపడం దాదాపు అసాధ్యం.

ఈ కొలతలన్నిటికీ చాలాకాలం అందకుండా ఉన్నవి కరణం, మునసబు పదవులు. అవి తండ్రినుంచి కొడుక్కి వచ్చేవి. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం వారసుడికి కూడా రెవెన్యూ బోర్డు నిర్ణయించిన చదువు ఉండాలంది గానీ, పోటీ కుటుంబం దాటి బయటికి రాలేదు. గుంటూరు జిల్లాలో ఒక గ్రామ మునసబు పదవి మీద వచ్చిన గాజుల దశరథరామారావు కేసులో 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు, వంశాన్ని బట్టి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. 1984 జనవరిలో ఆర్డినెన్సుతో ఆ పదవులే రద్దయ్యాయి. చావడిలో రుమాలు చుట్టుకుని అడంగల్ రాసిన కరణం స్థానంలోకి క్రమంగా పరీక్ష రాసి వచ్చిన ఉద్యోగులు చేరారు. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయాలకు ఒకేసారి లక్షకు పైగా పోస్టులు ప్రకటించినప్పుడు పంచాయతీ కార్యదర్శికి అడిగింది డిగ్రీ.

మెట్లు పెరగడం ఒక్క గ్రామోద్యోగాల్లోనే కాదు. 1969-70లో ఆంధ్రప్రదేశ్ పాత పదకొండేళ్ల స్కూలు ఫైనలును, పి.యు.సి.ని తీసేసి పదేళ్ల బడి, రెండేళ్ల ఇంటర్మీడియట్ పద్ధతికి మారింది. కాలేజీ సీట్లకు ఇంటరు మార్కులు చాలక ఎంసెట్ వచ్చింది. ప్రవేశ పరీక్ష ఉద్యోగానికి కొలతైపోతే, ప్రవేశానికి మళ్లీ వేరే పరీక్ష కావాల్సి వచ్చిందన్నమాట. దీనికి ఎదురుగా సాగిన ప్రయత్నం ఒకటుంది. 1982లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు మీద ఉంది. పది, ఇంటరు సర్టిఫికెట్లు లేనివాళ్లను కూడా అర్హత పరీక్ష పెట్టి నేరుగా డిగ్రీలో చేర్చుకుంది. పొలం పనుల్లో, ఫ్యాక్టరీ షిఫ్టుల్లో ఉన్నవాళ్లు ఆదివారం కాంటాక్టు తరగతులకు వెళ్లి పట్టభద్రులయ్యారు. 1857లో గుమ్మం మీద పెట్టిన షరతును తెలుగునేల మీదే ఒక విశ్వవిద్యాలయం పక్కకు పెట్టగలిగింది.

రాష్ట్ర విభజన తరువాత 2018లో తెలంగాణకు కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. స్థానికతకు కొలత పదో తరగతి వైపు నుంచి కిందికి దిగి, ఒకటి నుంచి ఏడు తరగతులకు చేరింది. అందులో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే ఆ జిల్లా మనిషి. ఆ ఉత్తర్వు తరువాత గ్రూప్ పరీక్షలకు దరఖాస్తు పెట్టే పట్టభద్రులు తాము అ ఆలు దిద్దిన బడికి వెళ్లి, హెడ్‌మాస్టరు ముందు నిలబడి, పాత అడ్మిషన్ రిజిస్టరులో తమ పేరు వెతికించుకుని బోనఫైడ్ సర్టిఫికెట్ రాయించుకుంటున్నారు.